తుంగ ఎండబెట్టే బండ

ఆ ఉదయం మబ్బు బీదరు దిక్కు నుంచి లేచింది. ఈనబోయే బర్రెలా నల్లగా, బరువుగా, నింపాదిగా నడిచి వచ్చింది. మనూర్ దాటి పొలాల మీదికి రాగానే నాలుగు చినుకులు రాల్చి, ఇక్కడ నాకేం పని అన్నట్టు మంజీర మీదుగా అవతలికి జరుగుకుంటూ పోయింది. దాని వెనక ఆకాశం తోమిన సత్తుగిన్నెలా తెల్లగా మిగిలింది.

సంగప్ప ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ వంగాడు. చూసినంత మాత్రాన కురిసే వాన కాదది. చేలో సోయా రెండాకుల మీద ఉంది. దాని సందుల్లో తుంగ అప్పుడే జానెడు లేచింది. విత్తింది ఒకటి, ముందు లేచింది ఇంకొకటి. కుర్పి పట్టుకుని మట్టి మెల్లగా తవ్వుతున్నాడు. తుంగను పట్టి లాగితే పైనున్న గడ్డి చేతికొస్తుంది, కింద దారంలాంటి వేరు పుటుక్కున తెగుతుంది. దారం చివర చింతగింజంత నల్లటి గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. ఆ గడ్డ నుంచి ఇంకో దారం, ఆ దారానికి ఇంకో గడ్డ. తెలియనివాడు పైన గోకి పోతాడు. అది తుంగకు క్షవరం చేసినట్టే. వారం తిరిగేసరికి ఇంకా ఒత్తుగా లేస్తుంది.

"మామా! ఓ మామా!"

గట్టు మీద కోడలు స్వరూపరాణి వస్తోంది. నడక కాదు, పరుగు. చెప్పులు ఎక్కడో వదిలేసింది. చేతిలో ఫోను ఉంది. కొడుకు శ్రీకాంత్‌కు మళ్ళీ మూర్ఛ వచ్చిందేమో అనుకున్నాడు సంగప్ప. కానీ దగ్గరికొచ్చాక చూస్తే పిల్ల మొహంలో ఏడుపు లేదు. ఎన్నో నెలలుగా చూడని వెలుగు ఉంది.

"దవాఖాన నుంచి ఫోనొచ్చింది మామా. అంకిత మేడం."

"ఏమంటది?"

"కొత్త మందు ఒకటి పరీక్ష చేస్తున్నరట. అందరికి ఇయ్యరట, ఏరి కొందరికే ఇస్తరట. నీ కొడుకు పేరు రాసుకున్నదట!" ఊపిరి అందక ఆగింది. "తల్కాయల ఏమన్న మిగిలిపోయినయ్యుంటే, గవాటి మీదనే పనిచేస్తదట గా మందు. ఇదివరకటి మందుల లెక్క కాదట. గ్యారంటీ ఏం లేదన్నది. అయితే ఆపరేషన్ చేసినప్పుడు తీసిన గడ్డ ముక్క ఉన్నది చూడు, మైనం బిళ్ళ, గది కావాలట. దాన్ల ఏదో గుర్తు ఉన్నదా లేదా చూస్తరట. గుర్తుంటెనే మందు. ఈ వారంలోపట తెమ్మన్నది. అప్పుడు నీ చేతికే ఇచ్చిన్రు కదా, ఏడ పెట్టినవ్ మామా?"

సంగప్ప చేతిలో కుర్పి ఆగింది.

"గడ్డ పొరలు అంటించిన అద్దం ముక్కలు ఉన్నయి కదా," అన్నాడు.

"అవి చాలవట. బిళ్ళనే కావాలట. ఏడున్నది?"

సంగప్ప మాటకారి కాడు. ఊళ్ళో ఆయన్ని 'మూగ సంగప్ప' అంటారు, ఆయన ముందరే అంటారు. కోడలికి అది తెలుసు కాబట్టి ఆ మౌనాన్ని మామూలు మౌనమే అనుకుంది.

"నువ్వు నడువు," అన్నాడు చివరికి. "నేనొస్త."

*

నిరుడు శనగ విత్తేటప్పుడు మొదలైంది ఇదంతా.

శ్రీకాంత్ ట్రాక్టరు పడితే సాలు తాడు లాగినట్టుండేది. ఊళ్ళో మిగతావాళ్ళు కూడా అతన్నే పిలిచేవాళ్ళు. అలాంటివాడు ఆ రోజు చేలో సగం విత్తేసరికి, గట్టు మీద కూచున్న సంగప్ప లేచి నిలబడ్డాడు. సాళ్ళు కుడివైపుకి ఒరిగిపోతున్నాయి. ఎడమ పక్కన మూరెడు మూరెడు నేల విత్తనం పడకుండా మిగిలిపోతోంది.

"కండ్లు ఏడ పెట్టినవ్ రా? ఫోన్ల పెట్టినవా?" అని కేకేశాడు.

శ్రీకాంత్ దిగి వెనక్కి చూశాడు. తాను వదిలేసిన నేల వైపు తేరిపార చూసి, "ఏమైంది అప్పా? మంచిగనే ఉంది కదా," అన్నాడు. ఎకసెక్కెం కాదు. నిజంగానే అతనికి ఆ ఖాళీ కనబడలేదు.

తర్వాత ఇంట్లో మొదలైంది. పళ్ళెంలో కుడివైపు సగం తిని, ఎడమవైపు సగం అలాగే వదిలి లేచేవాడు. తల్లి బసమ్మ మొదట్లో, "పప్పు బాగలేదా? పెండ్లయినంక అవ్వ వంట చేదైందా?" అని సూటిపోటి మాటలనేది. "తిన్న కదనే అవ్వా, ఇంకెంత తినాలె?" అని అతను ఖాళీ చేతులు చూపించేవాడు. శనగ మొలిచాక చేను నిండా బోడి చారలు కనబడ్డాయి. సరిగ్గా అప్పుడే నారాయణఖేడ్ అంగట్లో, ఉల్లిగడ్డ బేరం చేస్తూ చేస్తూ, ఎడమ చెయ్యి గిలగిలా కొట్టుకుంటూ, మూర్ఛ వచ్చి కింద పడిపోయాడు.

హైదరాబాదులో ఫొటో తీసి, మెదడులో కుడి పక్కన గడ్డ ఉందన్నారు. కుడి పక్క గడ్డ వస్తే మనిషికి ఎడమ పక్క లోకం మాయమవుతుందట. కన్ను చూస్తుంది గానీ మనసు పట్టుకోదట. సంగప్పకు ఆ సంగతి చెప్పగానే అర్థమైంది. బోడి చారలు ఆయన కళ్ళలోనే ఉన్నాయి.

ఆపరేషను అయింది. మందు నీళ్ళలో ముంచిన ముక్కను చిన్న డబ్బాలో పెట్టి, "పక్క బిల్డింగులో ల్యాబుకు ఇచ్చి రండి," అని సంగప్ప చేతికే ఇచ్చారు. మెట్లు దిగుతూ ఆ డబ్బా రొమ్ముకు అదిమి పట్టుకున్నాడు. కొడుకు పుట్టినప్పుడు మాయను కుండలో పెట్టి పాతిపెట్టడానికి తీసుకుపోయింది కూడా ఆయనే.

శ్రీకాంత్ ఇంటికొచ్చి మొదటిపూట పళ్ళెం అంచుల దాకా తుడుచుకుని తిన్నాడు. ఆ ఖాళీ పళ్ళెం చూసి బసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గడ్డ పోయింది, పీడ పోయింది," అని ఇంటింటికీ బెల్లం పంచింది. కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించడానికి మళ్ళీ హైదరాబాదుకే పోయి, చలికాలమంతా ఇంకో దవాఖాన దగ్గర ఉండాల్సి వచ్చింది. తల మీద ఒక పక్క వెంట్రుకలు రాలితే శ్రీకాంత్ నవ్వేవాడు. "సగం గుండు దవాఖానకిచ్చిన. మిగిలిన సగం బసవన్నకు ఇస్త. ఎవ్వలూ అలగొద్దు."

కరెంటు అయిపోయిన రోజున అంకిత అనే ఆ డాక్టరు సంగప్పను కూచోమంది. స్వరూపరాణి మందుల కోసం కిందికి పోయింది. గదిలో ఇద్దరే ఉన్నారు.

"పెద్దాయనా, ఒక మాట చెప్పాలి మీకు. కంటికి కనబడే గడ్డ అంతా తీసేశారు. అది నిజమే. కానీ ఈ జబ్బులో కంటికి కనబడనివి ఉంటాయి. గడ్డలో ఉండే కణాలన్నీ ఒక్క తీరు కాదు. చాలా వాటికి పెరగడం తప్ప ఏం రాదు. కొన్ని మాత్రం తల్లి లాంటివి. వాటిని మేము మూలకణాలు అంటాం, స్టెమ్ సెల్స్. అవి తొందరపడవు, పడుకుని ఉంటాయి. కరెంటుకు, మాత్రలకు, పెరిగేవి చస్తాయి. పడుకున్నవి తప్పించుకుంటాయి. ఎప్పుడో లేస్తాయి. లేచి మళ్ళీ గడ్డ కడతాయి."

"ఏడికెల్లి వచ్చినయి అవి?"

"బయట నుంచి రాలేదు. మెదడులో మంచి మూలకణాలు కూడా ఉంటాయి. అట్లాంటిదేదో దారి తప్పి ఇట్లా అయిందని అనుకుంటున్నాం. పూర్తిగా ఎవరికీ తెలియదు."

"లెవ్వకుంట చేసే మందు?"

"ఇప్పటికైతే లేదు. వెతుకుతున్నారు."

ఆయన తల ఊపాడు. ఆమె ఇంకా వివరించబోయింది గానీ ఆయనకు అక్కర్లేకపోయింది. పైన గోకడం, దారం తెగడం, మట్టిలో చింతగింజంత నలుపు. అదంతా ఆయన చిన్నప్పటి నుంచి చేతులతో చూసిందే. వేరే ఎవరైనా ఆ మాట విని కొంచెం ఆశ మిగుల్చుకునేవాళ్ళేమో. తుంగ తెలిసినవాడికి ఆ వెసులుబాటు లేదు.

లేవబోతుంటే ఆమె చిన్న కవరు ఇచ్చింది. అందులో అద్దం ముక్కలు, అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ చట్రానికి అంటుకున్న మైనం బిళ్ళ. మైనం నడుమ గోధుమరంగు మరక.

"మొదటి దవాఖాన వాళ్ళు ఇచ్చిందే. మేము చూసేశాం. మీ దగ్గరే పెట్టుకోండి, ఎప్పుడైనా అవసరం పడుతుంది."

"ఏమున్నది దీన్ల?"

"మీ అబ్బాయి గడ్డలో ముక్క. మైనంలో పెట్టారు కాబట్టి ఏళ్ళ తరబడి చెడిపోదు."

ఏళ్ళ తరబడి చెడిపోదు. సంగప్ప ఆ మాట ఒక్కటీ బస్సులో నారాయణఖేడ్ దాకా మోసుకొచ్చాడు. డిపోలో దిగాక స్వరూపరాణి, "మేడం ఏమన్నది మామా?" అనడిగింది.

"మంచిగున్నదన్నది," అన్నాడు.

*

ఇంట్లో చల్లగా ఉండే చోటు ఒక్కటే. వెనక అర్రలో విత్తనాల డబ్బా. కంది, పెసర, అనుములు, బూడిద కలిపి వేపాకు వేసి పెట్టుకునే పెద్ద రేకుడబ్బా. కవరును అందులో అడుగున పెట్టాడు. రోహిణి ఎండల్లో బసమ్మ విత్తనాలు చెరగడానికి డబ్బా బోర్లిస్తే అది బయటపడింది.

"ఏందయ్యా ఇది?"

చెప్పాడు. అబద్ధమాడటానికి కూడా మాటలు కావాలి కదా.

బసమ్మ చాట కింద పడేసింది. "థూ! రోగాన్ని తెచ్చి విత్తనాలల్ల పెడ్తవా? మతి ఉండే పెట్టినవా? నా కొడుకు తల్కాయల నుంచి తీసిన పాపం, మా తిండి గింజల పక్కన పండుకున్నదా ఇన్ని దినాలు?"

పండుకున్నదా అనే మాట ఆయనకు సూదిలా దిగింది. డాక్టరూ అదే అన్నది కదా. పడుకుని ఉంటాయి. చెడిపోవు. మరి ఈ మైనంలో ఉన్నవేమిటి? ఇవీ పడుకున్నవే కదా?

ఆ వేసవిలో ఆయన చేను మొత్తం గడ్డపారతో లోతుగా తవ్వి తుంగ గడ్డలు ఏరుతున్నాడు. ఏరిన వాటిని ఏం చేయాలో వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ ఒకటే పద్ధతి. గట్టు మీద పోయకూడదు, చినుకు పడితే మళ్ళీ చేలోకి దిగుతాయి. పెంటకుప్పలో వేయకూడదు, ఎరువుతో పాటు తిరిగొస్తాయి. వాగులో వేస్తే పక్కవాడి చేను పాడు. ఊరి పొలిమేర అవతల నల్లటి కర్రెబండ మీద పరిచి, రోహిణి ఎండలో పెళపెళలాడేదాకా ఎండబెట్టాలి. "పాతిపెడితే పంట, పారేస్తే పంట, బండకెక్కిస్తేనే మంట," అనేవాడు ఆయన తండ్రి.

ఆ మధ్యాహ్నం సంగప్ప తుంగ గడ్డల గంప నెత్తికెత్తుకున్నాడు. అద్దం ముక్కలు తీసి గూట్లో పెట్టాడు. మైనం బిళ్ళను గంపలో అన్నిటికంటే పైన పెట్టాడు. బసమ్మ గడప దాకా వచ్చి, ఆయన వెనక ఇంత పసుపునీళ్ళు చల్లింది. బండ మీద గడ్డలు పరిచి, వాటి నడుమ బిళ్ళను పెట్టాడు. అరికాలు చుర్రుమంటోంది. కాసేపు నిలబడి చూశాడు. మైనం అంచులు చెమట పట్టినట్టు మెరిశాయి. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటి నిండా నిద్రపోయాడు.

*

ఇప్పుడు సంగప్ప ఇంటికి పోలేదు. చేలోనుంచి నేరుగా కర్రెబండకు పోయాడు.

తొలకరికి బండ చుట్టూ పచ్చబడింది. తాను పరిచిన గడ్డలు కొన్ని అక్కడే ఉన్నాయి, మేకపెంటికల్లా ముడుచుకుపోయి. వంగి ఒక్కొక్కటీ పక్కకు జరుపుతూ వెతికాడు. చిన్న చట్రం. ఎక్కడ పెట్టాడో కళ్ళకు కట్టినట్టు గుర్తుంది, కానీ గాలి ఎక్కడికి దొర్లించిందో.

"ఏం బావా, బండ మీద గుడ్లు పెట్టిందా నీ కోడి?"

మేకల వెనక వస్తున్న బస్వరాజ్. వరసకు బామ్మర్ది, నోటికి హద్దు లేదు.

సంగప్ప ఇంకో గడ్డను పక్కకు జరిపాడు.

"పైసలు పోగొట్టుకున్నవా? నువ్వు మూగోనివి సరే, నీ పైసలైన మోగుతయి కదా, గలగల అనలేదా?" అని తనే నవ్వుకున్నాడు. సంగప్ప మొహం చూశాక నవ్వు సగంలో ఆపేశాడు. "ఏందో చెప్పు బావా. నేనూ ఎతుకుత."

"ప్లాస్టికు. గింత ఉంటది. తెల్లది."

ఇద్దరూ వెతికారు. మేకలు సోయా చేలోకి దిగుతున్నా బస్వరాజ్ పట్టించుకోలేదు. చివరికి అతనికే దొరికింది, బండ పగులులో ఇరుక్కుని.

"ఇదేనా? దీన్ల ఏమున్నది బావా, ఉత్త చిల్లుల జాలీ."

చట్రం ఉంది. దాని పక్కన నల్లసిరాతో రాసిన అంకెలు కూడా చెక్కు చెదరలేదు. మైనం లేదు. చట్రం మొదట ఉన్న చోట బండ మీద జిడ్డు మరక, అది పారిన దారి, ఆ దారి చివర ఎర్రచీమల పుట్ట. సంగప్ప మోకాళ్ళ మీద కూచుని ఆ జిడ్డు మీద వేలు పెట్టాడు. వేలికి ఏమీ అంటలేదు.

పగులులో కొంచెం మట్టి చేరింది. చట్రం తీసిన చోట, ఆ చారెడు మట్టిలోంచి తుంగ మొలక ఒకటి లేచి ఉంది. పచ్చగా, నిటారుగా. ఎండిందనుకున్నవాటిలో ఒకటి అక్కడికి దొర్లినట్టుంది.

"ఏందది బావా? మందా?" అన్నాడు బస్వరాజ్ మెల్లగా.

"మందే," అన్నాడు సంగప్ప.

*

ఇంటి ముందర మంచం మీద శ్రీకాంత్ కూచుని ఉన్నాడు. ఈ నెల ఒళ్ళు కొంచెం చేసింది. స్వరూపరాణి అప్పటికే గూడు, పెట్టె, దేవుని అర్ర అన్నీ తిరగేసింది. విత్తనాల డబ్బా బోర్లించి ఉంది. బసమ్మ గోడకానుకుని మోకాళ్ళు ముడుచుకుని ఉంది. ఆమె మొహం చూడగానే సంగప్పకు అర్థమైంది. ఇంకా చెప్పలేదు, చెప్పలేకుండా ఉంది.

చట్రం తీసి అరుగు మీద పెట్టాడు.

స్వరూపరాణి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "మైనం ఏది?"

"కరిగింది."

"ఎట్ల కరుగుతది మామా? ఏడ పెట్టినవ్?"

"కర్రెబండ మీద."

ఆ పిల్ల ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తర్వాత చూపు నెమ్మదిగా బసమ్మ వైపు తిరిగింది. "నీ పనేనా అత్తా? పీడ, పాపం అనుకుంట నువ్వే పారేపిచ్చినవా? మా ఇద్దరి బతుకు తీసి బండ మీద పెట్టినవా?"

"నాకేం ఎరుకనే..." అంది బసమ్మ. "విత్తనాలల్ల రోగం ఉన్నదని..."

"ఎరుక లేకపోతే అడగాలె! నేనున్న కదా ఇంట్ల! ఇంటరు దాక చదివిన కదా! ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలుతయా?"

"దాన్ని ఏమనకు," అన్నాడు సంగప్ప. "అది వద్దన్నది ఇంట్ల పెట్టుకునుడు. బండ మీదికి నేనే తీస్కపోయిన. డాక్టరమ్మ దాచుమన్నది నాతోని. దానికి చెప్పలే."

"ఎందుకు మామా? చదువు రాకపోయిన నువ్వు అన్ని తెలిసినోనివి కదా!"

ఎందుకు? ఆయన దగ్గర జవాబు ఉంది. కానీ అది చెప్పాలంటే, ఆ గదిలో డాక్టరు చెప్పిందంతా చెప్పాలి. అది ఇన్నాళ్ళూ నాలుక కింద దాచుకున్నాడు.

స్వరూపరాణి డాక్టరుకు ఫోను చేసింది. అందరికీ వినబడేలా పెట్టింది. బిళ్ళ ఎండకు కరిగిందని చెప్పింది. అటువైపు ఫ్యాను చప్పుడు వినబడింది.

"మొదటి దవాఖానలో ఇంకేమైనా మిగిలిందేమో అడిగారా?"

"ఇల్లంత ఎతికి, దొరకకపోతె వాళ్ళను కూడ అడిగినం మేడం. ఉన్నదంతా మీకే ఇచ్చినం అంటున్రు."

"సరే. అది లేకుండా మందు ఇవ్వనివ్వరమ్మా. నా చేతిలో లేదు. ఒకవేళ... ఒకవేళ గడ్డ మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వస్తే, ఆ ముక్కతో చూడొచ్చు. రావొద్దనే కోరుకుందాం. ఎడమ పక్క ఏమైనా తేడా కనబడితే మాత్రం వెంటనే తీసుకురండి."

ఫోను ఆగిపోయింది. మందు కావాలంటే జబ్బు తిరిగి రావాలి. ఆ మాటను ఎటు తిప్పినా నవ్వూ రాదు, ఏడుపూ రాదు.

"నడువు అప్పా," అని శ్రీకాంత్ లేచాడు. "చేను దాక పోయొద్దాం."

*

ఇద్దరూ గట్టు మీద కూచున్నారు. ఆకాశంలో ఉదయం పోయిన మబ్బు తాలూకు పీలిక కూడా లేదు. శ్రీకాంత్ పక్కనున్న తుంగ మొక్కను లాగాడు. పుటుక్కుమని తెగింది.

"అప్పా, మిగిలిపోయినవాటి మీద పనిచేసే మందు అన్నది కదా మేడం. మిగిలిపోయినయా?"

సంగప్ప గట్టు మీది కుర్పి చేతిలోకి తీసుకున్నాడు.

"నీకు ముందుగాల్నే చెప్పిందా?"

"చెప్పింది."

"అందుకేనా, పట్నం నుంచి వచ్చినంక నన్ను ట్రాక్టరు ఎక్కనియ్యలే నువ్వు. నేననుకున్న, డీజిలు మిగిలిస్తున్నడు ముసలోడు అని." చేతిలో తెగిన గడ్డిని తిప్పి చూశాడు. "ఎట్ల మిగుల్తయి? అంత కోసిండ్రు, అంత కాల్చిండ్రు."

సంగప్ప కుర్పితో ఆ చోట మెల్లగా తవ్వాడు. దారం తెగకుండా, మట్టి ఊది, నల్లటి గడ్డను బయటికి తీసి కొడుకు అరచేతిలో పెట్టాడు. ఆయన జీవితంలో చేసిన అతి పెద్ద ప్రసంగం అదే.

శ్రీకాంత్ దాన్ని వేళ్ళ నడుమ నలిపి చూశాడు. రైతు బిడ్డ. రెండోసారి అడగలేదు.

"తుంగ లెక్కనా?"

"తుంగ లెక్కనే."

"అయితే బండ మీద ఎండబెట్టినవ్."

"ఆఁ."

"మరి సరిగ్గనే చేసినవ్ కదనే," అన్నాడు శ్రీకాంత్. నవ్వబోయాడు. "నేనైనా గదే చేస్తుంటి. ఎవ్వడన్న తుంగను సందుకపెట్టెల దాస్తడా?" కాసేపటికి మళ్ళీ, "స్వరూపకు చెప్పకు. అవ్వకు అసలే చెప్పకు."

"ఇంక చెప్పకుంట ఎట్లరా?"

"ఇన్ని దినాలు ఉన్నవ్ కదా."

ఆ మాటలో కోపం ఉందో లేదో సంగప్పకు తేలలేదు. ఏళ్ళకేళ్ళు మాట్లాడకుండా బతికిన మనిషికి, మౌనం కూడా ఒక తప్పు అవుతుందని ఆ గట్టు మీద తెలిసింది. శ్రీకాంత్ లేచి ముందు నడిచాడు. గట్టుకు ఎడమ పక్కన ఉన్న తుమ్మకంప అతని మోచేతిని గీరింది. తుడుచుకోలేదు. సంగప్ప అది చూసి, కంప అన్నాక గీరక మానుతుందా అనుకున్నాడు. అలా అనుకోవడానికే గట్టిగా ప్రయత్నించాడు.

*

పొద్దు గుంకక ముందే బసమ్మ పొయ్యి వెలిగించింది. జొన్నరొట్టెలు కొడుతుంటే చప్పుడు మామూలుగానే వచ్చింది. పుంటికూర, పెసరపప్పు, ఉల్లిగడ్డ. మామూలు రోజుల్లో మగవాళ్ళు తిన్నాకే ఆడవాళ్ళు కూచుంటారు. ఆ పూట స్వరూపరాణి ఎవర్నీ అడగకుండా నాలుగు పళ్ళేలు ఒక్కసారే వేసింది. అత్త పళ్ళెంలో రొట్టె తనే పెట్టింది. బసమ్మ కోడలి మొహంలోకి చూసే ధైర్యం చేయలేదు గానీ, పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

నలుగురూ తినడం మొదలుపెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. బయట బర్రె కట్టుకొయ్యకు కొమ్ములు రాస్తున్న చప్పుడు, లోపల రొట్టె విరిగే చప్పుడు.

శ్రీకాంత్ ఆకలి మీద ఉన్నాడు. పుంటికూర అద్దుకుని తింటున్నాడు. రొట్టె తరుగుతోంది. కూర అయిపోయింది. వేళ్ళు నాకాడు. పళ్ళెంలోకి ఒకసారి చూసి, తిండి ముగించిన మనిషిలా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మిగతావాళ్ళ కోసం ఎదురుచూస్తూ కూచున్నాడు.

సంగప్ప అది చూశాడు.

కొడుకు పళ్ళెంలో కుడివైపు కడిగినట్టుంది. ఎడమవైపు సగం రొట్టె, ముట్టని పప్పు, ఉల్లిగడ్డ ముక్క. నడుమ గీత గీసినట్టు ఉంది. ఈసారి సాలు ఏ వంకరా లేకుండా వచ్చింది.

స్వరూపరాణి చూసింది. నోరు తెరిచి, మామ వైపు చూసి, మూసుకుంది. శ్రీకాంత్ ఒక్కడే ఏమీ ఎరగనట్టు గోడకేసి చూస్తున్నాడు.

బసమ్మ తన పళ్ళెంలోంచి చెయ్యి తీసింది. కొంగుకు తుడుచుకుంది. ముందుకు వంగి, కొడుకు పళ్ళెం అంచు పట్టుకుని, నేల మీద రాపిడి కాకుండా మెల్లగా సగం చుట్టు తిప్పింది.

శ్రీకాంత్ కిందికి చూశాడు. ఎవరో కొత్తగా వడ్డించారనుకున్నాడేమో. రొట్టె తుంచి పప్పులో అద్దాడు, తినడం మొదలుపెట్టాడు. మిగిలిన ముగ్గురూ తలలు వంచుకుని తమ తమ పళ్ళేల్లోది తిన్నారు, చివరి తునక దాకా.